గడి లెక్క కొట్టాలె

కరీంనగర్ చుట్టూ వెలసిన కొత్త కాలనీల్లో రెండు వందల గజాల జాగ కొన్నవాళ్లు మేస్త్రీతో ముందు మాట్లాడేది ఎలివేషన్ గురించే. ముంగట నాలుగు గుండ్రటి థంబాలు, వాటి తలల మీద ఆకుల నగిషీ, పైన బొద్దు కాళ్ల పిట్టగోడ. "గడి లెక్క కొట్టాలె" అని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఆ ఇంటి తాత ఈ మాట వింటే ఏమనుకుంటాడో! దొర ఉండే కోటలాంటి గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టిన తరం ఈ జిల్లాలో ఇంకా ఉంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు దొరలకు ఎదురు నిలిచి జైత్రయాత్ర తీశారు. అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు పట్నం బాట పట్టారు. గడులకు తాళాలు పడ్డాయి.

ఆ మాటకొస్తే థంబాలు దొరల సొంతమూ కావు. 19వ శతాబ్దం మొదట్లో హైదరాబాద్ కోఠిలో లేచిన బ్రిటిష్ రెసిడెన్సీ ముఖాన ఆరు భారీ కొరింథియన్ స్తంభాలున్నాయి. ఆ శైలి గ్రీకు, రోమన్ కట్టడాలను తిరగతోడిందే. అంటే కాలనీలో కనిపించేది నకలుకు నకలు. అదేం తప్పు కాదు. ముఖాన్ని తెచ్చుకుని కడుపును వదిలేయడమే విచిత్రం.

కడుపంటే భవంతి. గడుల్లోనే కాదు, ఓ మోస్తరు రైతుల ఇళ్లలోనూ ఉండేది. చుట్టూ అర్రలు, నడుమ ఆకాశం. గూన పెంకల కప్పు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి వాన నడిమి గచ్చు మీద పడి తూములోంచి పోతుంది. ఎండాకాలం వేడి గాలి పైకి పోయే దారీ అదే. కట్టడానికి కావాల్సిన టేకుకు ఆదిలాబాద్ అడవి దగ్గరే. గోడలకు డంగు సున్నం. ఎడ్లు గానుగలో రాతి చక్రాన్ని తిప్పుతుంటే సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. ఆ గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే తేమకు తొవ్వ మూసుకుపోయి పెచ్చులు రాలతాయి.

దగ్గర్లోనే కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోటను ఓపిగ్గా బాగుచేశారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దానికి దక్కింది. అంత పని అందరికీ సాధ్యం కాదు. కానీ ఇంటి నడుమ పదడుగుల జాగ వదలడానికి కోట అక్కర్లేదు.

"జాగ వేస్టయితది సార్" అంటాడు బిల్డర్. ఆ జాగలో ఇంకో బెడ్‌రూం వస్తుంది. దానికి కిటికీ ఉండదు, ఏసీ ఉంటుంది.