అగస్టీను ‘ఒప్పుకోలు’న వాక్ఛక్తి

క్రైస్తవమతమున వాక్కునకుఁ గల ప్రాధాన్యము సుప్రసిద్ధము. సృష్టి దేవుని పలుకుచే జరిగినదని ఆదికాండము చెప్పును. యోహాను సువార్త క్రీస్తును వాక్యమని వ్యవహరించును. విశ్వాసమునకు వినికిడి మూలమనియు, హృదయమున నమ్మినదానిని నోటను ఒప్పుకొనవలెననియు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికయందు బోధించెను. ఐనను పలికిన మాట మనుష్యుని నిజముగా మార్చునా? మార్చునేని ఆ శక్తి శబ్దమునందున్నదా, వినువానియందున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధాంతగ్రంథములకంటె ఒక జీవితకథయందు స్పష్టముగాఁ గానవచ్చును. అది అగస్టీను (354–430) లాటినున రచించిన ‘కన్ఫెస్సియోనెస్’, అనఁగా ‘ఒప్పుకోలు’. సుమారు 397–400 సంవత్సరముల నడుమ వెలసిన యీ కృతి పదుమూఁడు భాగములు గలది.

గ్రంథకర్త మాటల నమ్ముకొని బ్రదికినవాఁడు. ఉత్తరాఫ్రికయందలి తగస్తె పట్టణమున జనించి, కార్తేజియందును రోమునందును వక్తృత్వశాస్త్రమును బోధించి, 384లో మిలాను నగరమున ఆచార్యపదవి నందెను. చక్రవర్తిని స్తుతించు ప్రసంగము నొకదానిని సిద్ధపఱచుచు, అందు అసత్యములే పెక్కు గలవనియు, వినువారు వాని నెఱిఁగియే మెచ్చుకొందురనియు నతఁడే చెప్పుకొనెను. ఆ సమయమున వీథిలోఁ ద్రాగి నవ్వుచున్న బిచ్చగానిఁ జూచి, వాఁడు తనకంటె సుఖియని చింతిల్లిన ఘట్టము ఆఱవ భాగమున నున్నది. మిలాను బిషప్పగు ఆంబ్రోసు ఉపన్యాసములకుఁ బోయినదియు మొదట వాగ్ధాటిని పరీక్షించుటకే. శబ్దమునే యాస్వాదింపఁ బూనినవాని హృదయమున శబ్దముతోఁ గూడ నర్థమును జొచ్చెను. బుద్ధి యొప్పినది; నడవడి మాత్రము మాఱలేదు.

ఎనిమిదవ భాగమునందలి తోఁట ఘట్టము జగద్విదితము. 386లో, తన నిర్ణయదౌర్బల్యమునకు రోదించుచు అత్తిచెట్టు క్రిందఁ బడియున్న అగస్టీనునకు పొరుగింటినుండి బాలునిదో బాలికదో యొక స్వరము వినవచ్చెను. గ్రంథము నెత్తి చదువుమను భావము గల మాటలను ఆ శిశువు పాటవలె మరల మరలఁ బలుకుచుండెను. అట్టి పల్లవి గల పిల్లల ఆట యేదైనను గలదా యని యతఁడు స్మరించి, కానక, ఆ పలుకును దైవాజ్ఞగాఁ గ్రహించి, పౌలు పత్రికను దెఱచి కంటఁబడిన భాగమును జదివెను. సంశయము తొలఁగెను.

దీనిని మంత్రప్రభావముగాఁ జదువువారు కొందఱు. ఇందుఁ బాఠభేదమును గలదు. మిక్కిలి ప్రాచీనమగు వ్రాతప్రతియందు పొరుగిల్లనుటకు మాఱుగా దైవగృహమని యున్నది. లాటిను లిపిలో ఈ విశేషణములకు రెండక్షరములే భేదము. ఫ్రెంచి పండితుఁడు పియేరు కూర్సెల్ 1950లో ప్రకటించిన పరిశోధనమున ఈ ఘట్టమును ప్రతీకాత్మక రచనగా వ్యాఖ్యానించెను. కాని యౌచిత్యమును బట్టి చూడఁగా పొరుగింటి పాఠమే మేలు. స్వరము దైవగృహమునుండి వచ్చినదే యైనచో, పిల్లల ఆటలను దలఁచి విచారించుట వ్యర్థమగును. మమ్మటుఁడు కావ్యప్రకాశమున ఆర్థీవ్యంజనకుఁ జెప్పిన హేతువులలో బోద్ధవ్యవైశిష్ట్యమొకటి: వినువాని విశేషముచే సామాన్యవాక్యమే అర్థాంతరమును స్ఫురింపఁజేయును. ఇచట వాచ్యార్థము శిశువునకుఁ జెందినది. వ్యంగ్యార్థము ఏడ్చుచున్న పండితునకుఁ జెందినది. ఆ దారినిఁ బోవు వేఱొకఁడు విన్నచో అది వట్టి పాటయే.

ఆ విశేషము అతని కెట్లు గలిగెను? పూర్వము విన్న మాటలవలననే. పోంటికియాను అనువాఁడు ఈజిప్టు సన్న్యాసియగు ఆంతోని కథను, ఆ చరిత్రమును జదివి కొలువు విడిచిన యిద్దఱు రాజోద్యోగుల కథను జెప్పెను. ఆంతోనియు సువార్తపఠనమును తన్నే యుద్దేశించినదిగా విని సర్వస్వము త్యజించినవాఁడు. అంతకుముందు సింప్లికియాను అను వృద్ధుఁడు విక్టోరినసు వృత్తాంతమును దెలిపెను. ఇతఁడు రోమున విగ్రహప్రతిష్ఠ నందిన వక్తృత్వాచార్యుఁడు. వార్ధకమున క్రైస్తవుఁడు కాఁగోరి, విశ్వాసప్రమాణమును రహస్యముగాఁ బలుకవచ్చునని పెద్దలు సూచించినను నిరాకరించి, సభాముఖముననే పలికెను. విన్న మాట మనసును గదల్చును. పదిమంది యెదుటఁ బలికిన మాట పలికినవానిని గట్టివేయును. అగస్టీనును ఉద్యోగమును విడిచి, 387 ఈస్టరునాఁడు ఆంబ్రోసుచే బాప్తిస్మము పొందెను.

గ్రంథనామమే దీనికి సాక్ష్యము. ‘కన్ఫెస్సియో’ యను పదమునకుఁ బాపాంగీకారము, విశ్వాసప్రకటనము, స్తుతి యను మూఁడర్థములును గలవు. రాజస్తుతికై నేర్చిన విద్యయే యిచట స్వదోషకథనమునకు వినియోగపడినది. కృతి యంతయు దేవుని సంబోధించి పలికినదగుటచే, అసత్యమును మెచ్చుకొను శ్రోతకు మాఱుగా అసత్యము చెల్లని శ్రోత లభించెను.

ఐనను లోపమొకటి గలదు. అగస్టీనుతో ననేకవర్షములు కాపురముండి, అడెయొదాతుసు అను కుమారునిఁ గన్న స్త్రీని, వేఱు వివాహమునకు అడ్డమని పంపివేసిరి. ఆమె ఇఁక నన్యపురుషు నెఱుఁగనని దేవునికి మ్రొక్కుకొని ఆఫ్రికకు మరలెను. తన దుఃఖమును అగస్టీను దాఁపలేదు. కాని యామె పేరైనను గ్రంథమున లేదు. వాక్కు మహిమ సిద్ధపడిన చెవియందును, పలికినదానికిఁ గట్టుపడిన నోటియందును నున్నదని యీ గ్రంథము నిరూపించుచున్నది. ఆ ప్రమాణమునుబట్టి చూడఁగా ఆమె మ్రొక్కు విక్టోరినసు ప్రమాణమునకుఁ దీసిపోదు. దానికి మాత్రము సభయు లేదు, పేరును లేదు.