పండుగవంటయుఁ బండుగపాటయు

ఋతువర్ణన మష్టాదశవర్ణనములలో నొకటి యని మనము పాఠశాలలయందు విద్యార్థులకుఁ జెప్పుచుందుము. వసంతమనఁగా మావిచిగురు, కోకిల. వర్షర్తువనఁగా మేఘము, నెమలి. శరత్తనఁగా వెన్నెల, హంస. ఈ పట్టికను వల్లించినవాఁడు పరీక్షలోఁ గృతార్థుఁడగును. ఆలంకారికుల మాట త్రోసిపుచ్చఁదగినది కాదు. కాని యీ పద్ధతివలన మనకొక నష్టము కలిగినది. ఋతువును మింటినుండి దించి వంటయింటిలోనికిఁ దెచ్చిన కవి తెలుఁగునఁ గలఁడను సంగతి మనము చాలినంతగా గమనింపలేదు. అతఁడు 1509 మొదలు 1529 వఱకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యాతిథ్యమును దెలుపు పద్యములను మెచ్చనివారు లేరు. మెచ్చిరి గాని, మెచ్చవలసినదానిలో సగమునే మెచ్చిరని నా యభిప్రాయము.

ఆ పద్యముల తాత్పర్యమును ముందుగా స్మరింతము. విల్లిపుత్తూరున విష్ణుచిత్తుఁడు దూరదేశములనుండి వచ్చు వైష్ణవులకు నిత్యము భోజన మిడుచుండును. ఆకాశము నీటిబుగ్గయై జడిపట్టిన దినములలో, కంటఁ బొగ చొరకుండునట్లు కొబ్బరిచిప్పలు మంటకుఁ బెట్టి వండుదురు. వంట యేమనఁగా వరియన్నము, పొట్టు తీసిన పప్పు, తాలింపుకూరలు నాలుగైదు, వరుగులు, వడియములు, పెరుగు, పుష్కలముగా నేయి. వేసవిలో ముందు మేనఁ జందనము పూయించి, పిమ్మట నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని యంబలి, చెఱకురసము, లేఁగొబ్బరినీరు, పండ్లు, పరిమళముగల చల్లని నీరు, ఊరవేసిన పిందెలు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపుఁబొడితోఁ గూడిన యాఱని కూరలు, ముక్కునకు మందువలెఁ దాఁకు నావపచ్చళ్లు, పాయసము, ఊఱుగాయలు, చేతికిఁ జుఱుక్కుమను నేయి, పాలు.

ఇది వట్టి పదార్థముల జాబితా కాదు. వానకాలమున వరుగులు వడియములు నేల? పచ్చికూరలు చిక్కని దినములవి. ఎండలలో నెండఁబెట్టి దాఁచినవి యపుడు కుండలనుండి బయటికి వచ్చును. కొబ్బరిచిప్ప లేల? కట్టెలు తడిసి పొగ గ్రక్కును, ఎండిన చిప్ప భగ్గున మండును. జలుబు చేసిన ముక్కునకు ఆవఘాటు మంచిదని వంటయింటివారికిఁ దెలియును, రాజునకెట్లు తెలిసెనో! సింహాసనమునుండి పొయ్యిలోనికిఁ దొంగిచూచిన కవి మఱియొకఁడు నాకుఁ గనఁబడలేదు. ఇంతవఱకు వ్యాఖ్యాతలు చెప్పినదే. వారు కవి లోకజ్ఞతను గొనియాడి యచ్చట నాఁగిరి.

ఇఁక మిగిలిన సగము. ఈ భోజనపద్యములతోఁ గలిపి చదువవలసిన పద్య మింకొకటి కలదు. నడిరేయి నా యింటివైపు చెవి యొగ్గినచో నేమి వినఁబడునో కవి యందుఁ జెప్పుచున్నాఁడు. శేషశాయి పుణ్యకథలు వినఁబడును. దివ్యప్రబంధమును బాడు ధ్వని వినఁబడును. వానితోఁబాటు, కూరలు పెక్కు లేవు, వేఁడిగా లేవు, పిండివంట లేదు, అన్నమును మేలైనది కాదు, దయచేసి భుజింపుఁడని యతిథులను వేఁడుకొను గృహస్థుని మాటలును వినఁబడును. చివరి మాటలను కవి సంస్కృతముననే యుంచినాఁడు. నానాదేశములనుండి వచ్చినవారి కందఱకుఁ దెలియు భాష యదియే గావున నట్లుంచెనని నా యూహ. ఈ పద్యమును మనము విష్ణుచిత్తుని వినయమునకు దృష్టాంతముగాఁ జూపి సరిపెట్టుదుము. వినయము సరియే. కాని కవి చేసిన కూర్పును జూడుఁడు. కథ, పాట, వడ్డన, ఈ మూఁడును నొక్క వాక్యమున, నొక్క చెవికి, నొక్క గడప లోపలినుండి వచ్చుచున్నవి. భుజించిన పిదపఁ బాటయు, పాట ముగిసిన పిదప భోజనమును గావు. పాడుటయు వడ్డించుటయు నా యింట నొకే పని. ఈ సంగతిని విడిచి, భోజనపద్యములను వేఱుగాఁ దీసి వంటకముల చరిత్రకు సాక్ష్యముగాఁ బెట్టుట, ప్రబంధధ్వనిని వేఱుగాఁ దీసి మతచరిత్రకు సాక్ష్యముగాఁ బెట్టుట, కవి కలిపిన దానిని విడఁదీయుటయే.

ఇది నిత్యాన్నదానము గాని పండుగ కాదుగదా యని యొకరు శంకింపవచ్చును. ఆ యింటి కూఁతురే సమాధానము చెప్పుచున్నది. విష్ణుచిత్తుని పెంపుడుకూఁతురు గోదాదేవి. ఆమె పేర వెలసిన తిరుప్పావై ముప్పది పాశురముల కావ్యము; ధనుర్మాసపు వ్రతగానము. అందు రెండవ పాశురమున నేయి, పాలు ముట్టమని కన్నెలు పూనికపట్టుదురు. ఇరువదియేడవ పాశురమున వ్రతఫలముగాఁ బాలయన్నము, మోచేతివఱకుఁ గాఱు నేయి, అందఱును గలిసి కుడుచుట. నడుమనున్న దినములన్నియుఁ బాటయే. తెలుఁగునాఁటి వైష్ణవగృహములలో నేఁటికిని ఆ ఇరువదియేడవనాఁడు నేయి మెండుగాఁ బోసి పాలతో వండిన తియ్యని యన్నము నివేదింతురు. తండ్రి యింట వంటయుఁ బాటయు నేకకాలమున సాగుచుండఁగా, కూఁతురి వ్రతమునఁ బాట ముందు నడచి వంట దాని వెనుక వచ్చుచున్నది. రెండుచోట్లను సంబంధ మొక్కటియే.

రాయలయందు దోష మెన్నవలసినచో నది వేఱొకచోటఁ గలదు. చతుర్థాశ్వాసపు వర్షర్తువర్ణనమున, నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరిగి, తెచ్చిన నిప్పు రాజుకొనక, వంట సాగక వేసారు నిల్లాలి పాటును జెప్పిన పద్యమొకటి యున్నది. ప్రథమాశ్వాసమునఁ బొగలేని పొయ్యి. చతుర్థాశ్వాసమున మండని పొయ్యి. వాన యొక్కటియే. దానికిఁ జేరువనే రెడ్ల పద్యము. గురుగు, చెంచలి, తుమ్మి, లేఁదగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతోఁ బొరటిన కూర, ఆరికకూడు, మేకయెరువు రాజుచున్న కుంపటి, మంచముపై నెక్కినవారి మేనులను నాకు లేఁగదూడలు. నా మట్టుకు విష్ణుచిత్తుని పాయసముకంటె నీ యాకుకూరయే యెక్కువ రుచించినది. వానకు దానంతటఁ దాను మొలచిన యాకులవి. ఋతువు నేరుగా కంచములోనికి వచ్చినది. అయినను ఈ రెండుచోట్లఁ బాట లేదు. ప్రథమాశ్వాసపు భోజనపద్యములలోఁ బెట్టువాఁడు విష్ణుచిత్తుఁడు. కొబ్బరిచిప్ప లెగఁద్రోసినవారి పేరు లేదు. వండిన చేతులును పాడిన గొంతులును ఒక్కరివే యైన యిండ్లు రాయల రాజ్యమున లేకపోలేదు. వారి పాట ప్రబంధమున కెక్కలేదు.

క్రీడాభిరామము గూడ నొకమాట చెప్పించుకొనును. ఓరుగంటఁ బూటకూళ్లయింట రూకకు దొరకు భోజనము, కప్పురభోగివరి యన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తనేయి, పెసరపప్పు, అనఁటిపండ్లు, గడ్డపెరుగు, అందఱకుఁ దెలిసినదే. పాట వీథిలోఁ గలదు. పల్నాటివీరుల కథ పాడు స్త్రీ కలదు. ఆ వంట రుచికి లోటులేదు. కాని రూక యిచ్చినవాని వంట యొకచోటను, వీథిపాట యొకచోటను నుండుటచే నది నగరవినోదమైనది, గృహోత్సవము కాలేదు.

స్త్రీల పాటలు పూర్తిగ మఱుఁగుపడినవని చెప్పరాదు. పాలకురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ దుమ్మెదపదములు, ప్రభాతపదములు, నివాళిపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మొదలగువానిని పేర్కొన్నాఁడు. అది శ్రీశైలయాత్రాసందర్భము, శివరాత్రి జాగరము. ఉపవాసదినమున వంట ప్రసక్తి యుండదు గదా. ఆ విధముగా మన గ్రంథములలో నొకచోట వంటయు, నొకచోటఁ బాటయు మిగిలినవి. రెండును గలిసి మిగిలిన చోటు గ్రంథము కాదు, తెలంగాణపు లోఁగిలి.

భాద్రపదామావాస్యనాఁడు మొదలై ఆశ్వయుజశుద్ధాష్టమికి ముగియు బతుకమ్మపండుగ దినముల పేర్లను పండితు లెప్పుడైన వరుసగాఁ జదివినారా? ఎంగిలిపూల బతుకమ్మ, అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యపు బతుకమ్మ, అట్ల బతుకమ్మ, అలిగిన బతుకమ్మ, వేపకాయల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, సద్దుల బతుకమ్మ. పువ్వులఁ బేర్చి చుట్టును దిరుగుచుఁ బాడు పండుగయిది. దీని దినములకుఁ బాటల పేర్లు లేవు, దేవతల పేర్లు లేవు, తిథుల పేర్లును లేవు. ఇంచుమించుగ నన్నియు వంటల పేర్లే. వేపకాయలనఁగా నిజమైన వేపకాయలు కావు. బియ్యపుపిండిని వేపకాయల యాకారమునఁ జేసి నూనెలో వేఁచినవి. చివరినాఁటి సద్దులు పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, వీనితోఁ గలిపిన యన్నములు. రొట్టెను బెల్లముతో నలిపిన మలీదయుఁ దోడగును. చెఱువుగట్టునఁ బాట ముగిసి బతుకమ్మను నీట విడిచిన పిమ్మట వీనిని అందఱకుఁ బంచుదురు. విజయదశమినాఁటి మాంసము, కల్లు సంగతి శిష్టులు వ్రాయరు. అవి లేని దసరా తెలంగాణమునఁ బెక్కిండ్లకు దసరాయే కాదు.

ఆఱవ దినమును జూడుఁడు. ఆనాఁడు బతుకమ్మ యలిగినదని నైవేద్యముండదు. ఆనాఁడే బతుకమ్మను బేర్చరు, ఆడరు. వంట లేని దినమునఁ బాటయు లేదు! విష్ణుచిత్తుని యింటి నడిరేయి పద్యమునకు దీనికన్న మంచి వ్యాఖ్యానము నాకు దొరకలేదు.

మన పరిశోధకులలో నిరువురి నిచ్చటఁ దలంపవలయును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లోఁ బ్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్ర, కావ్యములనుండి తిండిని, త్రాగుడును, ఆటలను ఏఱి తెచ్చి, రాజుల యుద్ధములే చరిత్ర యనువారి నోరు మూయించినది. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయసాహిత్యమును బరిశోధనవిషయముగాఁ జేసి, స్త్రీల పాటలకు విద్వత్సభలో నాసనము వేయించిరి. ఇరువురికిని మన మందఱమును ఋణపడియున్నాము. అయినను ఆ తరువాతి మనవారు ఒకరి త్రోవను నడచి వంటలనే యేఱిరి. మఱియొకరి త్రోవను నడచి పాటలనే యేఱిరి. బతుకమ్మపాటల సంకలనములు నాకు దొరకినవానిలో, ఏ పాట యే దినమునఁ బాడిరి, ఆనాఁ డేమి వండిరి, పాడిన యామెయే వండినదా, యను వివరములు మిక్కిలి యరుదు. పాఠభేదములు మాత్రము నిండుగానున్నవి.

ఈ కొఱఁత యిప్పుడు తీర్పకున్న నిఁకఁ దీఱదని నాకుఁ దోఁచుటకుఁ గారణము నేను గాఁపురముండు మోతీనగరు. హైదరాబాదున ఎఱ్ఱగడ్డకును బోరబండకును దాపున నున్న పేట యిది. చలనచిత్రపరిశ్రమ మదరాసునుండి క్రమముగాఁ దరలివచ్చి నిలిచిన జూబిలీహిల్సు, ఫిల్మునగరులు దీనికి దవ్వు కావు. 2014లో బతుకమ్మ తెలంగాణరాష్ట్రపండుగ యైనపిదప ప్రతి కూడలిలోను పువ్వులు పేర్చుచున్నారు, సంతోషము. ఒకే మేడలో కరీంనగరపుటిల్లాలు బతుకమ్మను బేర్చును, గోదావరితీరపుటిల్లాలు బొమ్మలకొలువు తీర్చును. ఒకరి మలీద యొకరియింటికిఁ బోవును. పాట మాత్రము యంత్రమునుండి వచ్చును. చలనచిత్రమువారు కూర్చిన పాట, మేళతాళములతో, మంచి గొంతుతో వచ్చును. దానిని నిందించుటకు నాకు మనసొప్పదు; కొన్ని వినసొంపుగానే యున్నవి.

నా యాక్షేపణ వేఱు. బతుకమ్మపాటను ఒకతె యెత్తుకొనును, తక్కినవారు ఉయ్యాల పల్లవిని బలుకుదురు. వలయమునఁ గ్రొత్తగాఁ జేరిన కోడలి పేరు పాటలోఁ జేరును. ఆట సాగవలసినంతసేపు పాట సాగును. అతిథి యొకఁడెక్కువ వచ్చిన నాకొకటి వేయు వడ్డనవంటి దది. యంత్రపుపాటకు నిడివి ముందే తెగినది. అందు కోడలికిఁ జోటులేదు. చప్పట్లు దానిని వెంబడించును గాని నడపవు. వంటయు నీ త్రోవనే పట్టినది. వేపకాయలు మిఠాయియంగడిలోఁ దూఁచి యిత్తురు. అయినను పేర్లు మిగిలినవి. మా మేడలో నిరువురు ముదుసళ్లు, ఒకరిది మెదకు ప్రాంతము, ఒకరిది వరంగల్లు ప్రాంతము, అట్లబతుకమ్మనాఁ డేయే పిండితో నట్లు పోయవలయునని వాదులాడుకొనఁగా వింటిని. ఒకరి మాట యొకరు ఒప్పుకొనలేదు. వాదము ముగియకముందే యొకామె తన మాటకు సాక్ష్యముగాఁ బాట యెత్తుకొన్నది; ఆ పాటలో అట్లపిండి పేరున్నది.

ఈ పత్రికను జదువు పాఠశాలాపండితులకు నాదొక విన్నపము. వచ్చు భాద్రపదమున మీ విద్యార్థులచేత ఎవరి యింటి తొమ్మిది పేర్లను వారిచేతనే వ్రాయింపుఁడు. పేరు ప్రక్క వంట, వంట ప్రక్క పాట, పాట ప్రక్క పాడిన యామె యూరు, వండిన యామె యూరు. పాఠభేదముల కేర్పఱచినంత చోటు పిండిభేదములకును గాగితమున విడువుఁడు. ఆఱవ గడిని ఖాళీగానే పంపుఁడు. ఎవరియింటనైన నా గడి నిండినచో నాకు మొదట నదియే కావలయును.