వేళ తెలిస్తే బండి దొరుకుతుంది

హైదరాబాద్‌లో రోడ్డు మీద మంచి తిండి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే నేను ముందు చోటు చెప్పను, వేళ చెప్తాను. ఈ ఊళ్లో ఒకే మలుపు పొద్దున ఐదింటికి ఒకరిది, పదింటికి ఇంకొకరిది, అర్ధరాత్రి మరొకరిది. బండ్లు మారిపోతాయి, వినపడే భాష మారిపోతుంది, గాలిలో వాసన కూడా మారిపోతుంది. వేళ తప్పి వెళ్తే ఎంత పేరున్న బండి దగ్గరైనా దొరికేది అడుగంటిన గిన్నే.

వేళ ఎందుకంటే, ఆ పొయ్యి ఎవరి ఆకలి కోసం వెలిగిందో వేళే చెప్తుంది. రోజూ వచ్చే మనిషి కోసం వండేవాడు ఒక్క పూట ఉప్పు తగ్గినా మాట పడతాడు. ఆ మాట పడాల్సి వస్తుందన్న జాగ్రత్తే చేతిని అదుపులో ఉంచుతుంది. ఒక్కసారి వచ్చి పోయేవాళ్ల మీద నడిచే బండికి ఆ కట్టడి ఉండదు. కాబట్టి వంటకం పేరు పట్టుకుని కాకుండా, ఆ వంటకం లేనిదే రోజు గడవని మనుషుల్ని పట్టుకుని వెళ్లడం మంచిది. ఇన్ని జాతుల వాళ్లు కలిసి బతికే ఊళ్లో అది కష్టమేమీ కాదు. ఎవరి పేట వాళ్లకుంది, ఎవరి పని వేళ వాళ్లకుంది.

చలికాలం తెల్లవారుజామున పాతబస్తీలో ఫజర్ నమాజు ముగిసి జనం మసీదుల నుంచి బయటికి వచ్చే వేళకి నహారీ డేగ్‌ల మూతలు తీస్తారు. గొర్రె కాళ్లు, నాలిక, పొట్లీ కట్టి వేసిన మసాలా దినుసులు రాత్రంతా సన్నసెగ మీద ఉడికి ఉంటాయి. దానికి జోడీ నాలుగు మూలల చార్‌కోని నాన్. పురానీ హవేలీ వైపు బట్టీల్లో ఈ నాన్‌లు తీస్తుంటారు. పిండిని పలకగా చేసి, వెనక తడి అద్ది, మండుతున్న తందూరు గోడకు అంటిస్తారు. ఆటోవాళ్లు, హమాలీలు, నమాజు నుంచి తిన్నగా వచ్చిన పెద్దలు పక్కపక్కనే నిలబడి తింటారు. ఎనిమిదింటికి వెళ్తే బాగున్న ముక్కలు అయిపోయి ఉంటాయి.

ఆ వేళకి అక్కడికి దగ్గర్లోనే గుల్జార్ హౌజ్ దగ్గర దోసె పెనాలు వేడెక్కుతాయి. నగల దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు. ఆ మూసిన షట్టర్ల ముందే వ్యాపారం. పెనం మీద పిండి పరిచి, వెన్న ముద్ద వేసి, ఉప్మా, టమాటా, కారప్పొడి అన్నీ దాని మీదే కలిపి అట్లకాడతో పలచగా రాస్తారు. ఉడుపి హోటల్ పెద్దలు దీన్ని దోసె అంటే ఒప్పుకుంటారో లేదో గానీ, నాకిది అచ్చంగా హైదరాబాద్ దోసె. పిండి దక్షిణాదిది, కారం తెలంగాణది, వెన్న మీది మమకారం ఆ వీధుల్లో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న మార్వాడీ, అగర్వాల్ కుటుంబాల నాలుకది అని నా నమ్మకం. ఆర్డర్లేమో దక్కనీ ఉర్దూలో నడుస్తాయి.

బార్కస్‌కి కూడా పొద్దున్నే వెళ్లాలి. చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే ఈ పేట నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి బ్యారక్‌లలో ఉన్నవాళ్లు. 1948 తర్వాత ఆ సైన్యం పోయింది, కుటుంబాలు ఉండిపోయాయి. ఇప్పటికీ అక్కడ లుంగీలు కట్టుకుని చాయ్ దుకాణాల ముందు కూర్చున్న పెద్దవాళ్లు కనిపిస్తారు. బార్కస్‌లో హరీస్ రంజాన్ కోసం ఎదురుచూడదు, ఏడాది పొడుగునా పొద్దుటి పలహారమే. దంచిన గోధుమ, మాంసం, ఉప్పు, పైన నెయ్యి. మసాలా పేరుకే ఉంటుంది. హలీంకు అలవాటుపడ్డ నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. రెండు మూడు ముద్దలయ్యాక గోధుమ రుచి గోధుమలా, మాంసం రుచి మాంసంలా విడివిడిగా తెలియడం మొదలవుతుంది. తీపి హరీస్ కూడా అమ్ముతారు, చక్కెర చల్లి. మాంసంలో చక్కెరేంటని మనవాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, ఒకసారి తిని చూడమనే నేను బతిమాలుకుంటాను.

ఈ హరీస్‌కే ఊరు తన పప్పులూ మసాలాలూ చేర్చి హలీం చేసుకుంది. ఇటుక, మట్టితో కట్టిన బట్టీ మీద గంటల తరబడి ఉడికించి, కొయ్య ఘోట్నాలతో మెదిపి మెదిపి మాంసం నారంతా గోధుమలో కలిసిపోయేదాకా తెస్తారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మండీ కూడా హద్రమౌత్ వంటే. అది ఇవాళ వరంగల్, విజయవాడ దాకా పోయింది. అక్కడ పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటున్న కుర్రాళ్లలో ఎంతమందికి బార్కస్ తెలుసో అనిపిస్తుంది నాకు.

కొన్ని పేటలు ఇక్కడ పేరు చెప్పి దాటాల్సిందే, ఒక్కోదానికి ఒక్కో వారం కావాలి. పొద్దున ఇరానీ హోటళ్లలో కిచిడీ, ఖీమా, నువ్వులూ చింతపండుతో చేసిన ఖట్టా. ఎండాకాలం సాయంత్రం 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ రాతి కమానుల కింద పండ్ల ఐస్‌క్రీం. దేశవిభజన తర్వాత వచ్చిన సింధీలు స్థిరపడ్డ సింధీ కాలనీలో చీకటి పడ్డాక చాట్ బండ్లు. గచ్చిబౌలి వైపు రాత్రి షిఫ్టువాళ్ల కోసం మోమోలు, కోల్‌కతా ఎగ్ రోల్స్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు అమ్మే దహీబరా ఆలూదమ్. కొత్తగా వలస వచ్చినవాడు తన ఊరివాడి కోసం వండుతున్న ఈ చివరి రకం బండ్ల మీద నాకు ప్రత్యేకమైన ఆశ. రేపటి హైదరాబాద్ తిండి అక్కడే తయారవుతోంది.

ఇన్ని దేశాల సంగతి చెప్పి మన జొన్నరొట్టెను వదిలేయలేను. మా కాలనీ మెయిన్ రోడ్డు మీద సాయంత్రం పూట ఒక పాలమూరు అక్క రొట్టెలు చేస్తుంది. ఒక పొయ్యి, ఒక పెనం, పీట, పిండి డబ్బా, కూర గిన్నెలు, అంతే సరంజామా. గోధుమపిండిలా జొన్నపిండి సాగదు, కాబట్టి సలసల కాగే నీళ్లు పోసి కలుపుతుంది. అరచెయ్యి మడమతో పిండిని ముందుకు తోస్తూ, వెనక్కి లాక్కుంటూ, అంచులు విరగకుండా వచ్చేదాకా మర్దిస్తుంది. తర్వాత పీట మీద పొడిపిండి చల్లి చేత్తో తడుతుంది. ఒక్కో దెబ్బకీ రొట్టె కొంచెం తిరుగుతుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాస్తుంది. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే నెర్రెలిస్తుంది. ఆమె ఆ క్షణం కోసం రొట్టె వైపు చూస్తున్నట్టు కూడా కనిపించదు, మాట్లాడుతూనే ఉంటుంది.

“మెత్తగనా, కటకటనా అన్నా?”

“ఒకటి మెత్తగా, ఒకటి కటకటగా అక్కా. పిండి ఎక్కడిది?”

“దినాం గిర్నిల పట్టిచ్చుకొస్త. పాత పిండైతే రొట్టె పలుగుతది, గింత గుండ్రంగ రాదు.”

చుట్టూ నిలబడేవాళ్లు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌లు, సెంట్రింగ్ పనివాళ్లు, ఈమధ్య షుగరు వచ్చిన ఆఫీసర్లు. మొదట ఆమె పొయ్యి వెలిగించింది తనలాగే పల్లె వదిలి వచ్చినవాళ్ల కోసం. రొట్టె ఎలా ఉండాలో వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు, వాళ్ల దగ్గర తప్పించుకోలేం. షుగరు ఉన్నవాళ్లు ఆ రుచి వెనకాలే వచ్చారు. ఉల్లికారం ఆమె చేతిలో ఎంత బాగుంటుందంటే, బోటి కూర వద్దని అదొక్కటే వేయించుకునేవాళ్లున్నారు.

కొత్త బండి ముందు నిలబడ్డప్పుడు నేను చూసుకునేవి తక్కువే. ఎన్ని రకాలు అమ్ముతున్నాడు? ఒకటో రెండో అయితే మంచిది. నూనె రంగేంటి? ప్లేట్లు కడిగే బకెట్‌లో నీళ్లు మారుస్తున్నాడా? తినేవాళ్లు అడగకుండానే వాళ్లకి కావాల్సింది ప్లేట్లో పడుతోందా? ఆ చివరిది కనిపిస్తే ఇంకేమీ ఆలోచించను. వేడివేడిగా పెనం మీంచి దిగేదాని విషయంలో నాకు భయం లేదు, పొద్దుటి నుంచి డబ్బాలో కూర్చున్న చట్నీల విషయంలోనే జాగ్రత్త. 2024 అక్టోబరులో మోమోలు తిని నగరంలో ఒకరు చనిపోయి, ఎంతోమంది జబ్బు పడ్డాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మంచి పని. అయితే ఆ వార్త చదివి బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మన కళ్లముందే వండి మన కళ్లముందే పెట్టే వంట ఇంకెక్కడ ఉంది?

నన్ను నిజంగా బాధపెట్టేది, దొరికిన మంచి బండి మాయమవడం. రోడ్డు వెడల్పు చేస్తారు, ఫ్లైఓవర్ వస్తుంది, ట్రాఫిక్ డ్రైవ్ జరుగుతుంది, మర్నాటికి ఆ మలుపు ఖాళీ. దీనికి చట్టం ఉంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి వ్యాపారుల సర్వే జరగాలి, గుర్తించినవాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వాలి, పట్టణ కమిటీ సభ్యుల్లో నలభై శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఏళ్ల తరబడి కలుస్తున్న చోటుని సహజ మార్కెట్‌గా గుర్తించే వీలు కూడా అందులో ఉంది.

కానీ ఆ సర్వే చేసే మనిషి ఆఫీసు వేళల్లో వస్తే నహారీ అమ్మేవాడు అప్పటికే డేగ్ కడుక్కుని వెళ్లిపోయి ఉంటాడు. పాలమూరు అక్క ఇంకా గిర్ని దగ్గర పిండి పట్టిస్తూ ఉంటుంది. కాబట్టి కార్పొరేషన్‌కు నా విన్నపం ఒక్కటే. లెక్క రాసే పుస్తకంతో తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి బయల్దేరండి. రాసే కాగితంలో చోటు పక్కన వేళ కోసం కూడా ఒక గడి పెట్టండి.