‘బ్యాటిల్ సిటీ’ వీడియో గేమ్‌లో గోడ: పల్నాటి వీరగాథ వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జపాన్‌కు చెందిన నామ్‌కో సంస్థ 1985లో ఫ్యామికామ్ కన్సోల్ కోసం విడుదల చేసిన ‘బ్యాటిల్ సిటీ’ని కాల్పుల ఆటగానే చూడడం పరిపాటి. ఆటలోని గోడను ఆధారంగా చేసుకొని, ఇది ప్రధానంగా సంయమనాన్ని పరీక్షించే ఆట అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పల్నాటి వీరగాథతో దీనికి గల సామ్యాన్నీ, ఆ సామ్యానికి గల హద్దులనూ వివరిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, చిక్కుదారి, గోడ, స్థావరం, పల్నాటి యుద్ధం, దాయాదుల పోరు.

1. ఉపోద్ఘాతం:
పులిజూదం, వామనగుంటలు వంటి ఆటలు జానపద విజ్ఞాన పరిశోధనలో చోటు సంపాదించుకున్నాయి. టీవీకి తగిలించి ఆడిన వీడియో గేములకు ఆ గౌరవం దక్కలేదు. ఫ్యామికామ్‌కు నకళ్లుగా తయారైన చవక కన్సోళ్ల ద్వారా ఇవి 1990ల దశకంలో చిన్న పట్టణాల ఇళ్లకు చేరాయి. ఒక్క ‘క్యాసెట్’లో వందల ఆటలున్నట్లు చూపే ఆ పరికరాల్లో ‘బ్యాటిల్ సిటీ’, దానికి మార్పులు చేసిన అనధికార రూపం ‘ట్యాంక్ 1990’ తరచుగా కనిపించేవి. ఆడినవారికి అది ‘ట్యాంకుల ఆట’. ఆటకు పాఠ్యం దాని నియమాలే గనుక విమర్శ అక్కడి నుంచే మొదలుకావాలి.

2. రెండు రకాల గోడలు:
చిక్కుదారుల్లో సాగే కాల్పుల ఆటలకు ప్రసిద్ధమైన తొలి నమూనాల్లో ఒకటి 1980లో స్టెర్న్ సంస్థ విడుదల చేసిన ‘బెర్జర్క్’. అలన్ మెక్‌నీల్ రూపొందించిన ఈ ఆట 1982లో అటారీ 2600 కన్సోల్‌కు వచ్చింది. ఇందులో గోడ విద్యుత్ ప్రవహించే మృత్యువు. తాకితే ప్రాణం పోతుంది. ఆటగాడు చేయవలసింది రోబోలను కాల్చి, ద్వారం దాటి మరో గదిలోకి తప్పించుకోవడమే. ఆలస్యం చేస్తే ‘ఈవిల్ ఆటో’ అనే నవ్వు ముఖం గోడలను సైతం దాటుకుంటూ వెంటాడుతుంది. ఇక్కడ ఆటగాడికి కాపాడవలసిన ఇల్లంటూ లేదు.

‘బ్యాటిల్ సిటీ’లో ఈ సంబంధం తలకిందులైంది. ఇందులో బయటికి పోయే ద్వారం లేదు. తెర అడుగున, నడిమధ్య గద్ద గుర్తు గల స్థావరం, దాని చుట్టూ ఇటుక గోడ ఉంటాయి. ఒక్కో దశలో ఇరవై శత్రు ట్యాంకులు పైనుంచి దిగివస్తాయి. ఇటుక గుండుకు రాలిపోతుంది. ఉక్కు గోడ మామూలు గుండుకు చెక్కుచెదరదు. శత్రువును ఆపే ఇటుకనే ఆటగాడి గుండు కూడా రాల్చుతుంది. అంటే దారి కోసం కాల్చిన ప్రతిసారీ అతడు తన కోటను తానే కొంత తగ్గించుకుంటున్నాడు. పార దొరికితే స్థావరం చుట్టూ ఉక్కు గోడ లేస్తుంది గానీ అది కొద్దిసేపే నిలుస్తుంది.

అన్నిటికంటె కఠినమైన నియమం మరొకటి. స్థావరానికి ఆటగాడి గుండు తగిలినా ఆట ముగిసినట్లే. మిగిలిన ట్యాంకులు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ఒకరి గుండు మరొకరికి తగిలితే తగిలినవారు కాసేపు కదలలేరు. శత్రు ట్యాంకులకు మాత్రం ఒకదాని గుండు మరొకదానికి హాని చేయదు. తమవారిని గాయపరచుకొనే అవకాశాన్ని ఈ ఆట మనుషులకే కేటాయించింది.

3. పల్నాటి గాథతో సామ్యం:
ఈ నియమాలు పల్నాటి పాఠకునికి కొత్తగా తోచవు. 12వ శతాబ్దిలో గురజాల, మాచర్ల రాజ్యాలుగా విడిపోయిన వారు ఒకే ఇంటివారు. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ప్రవాసం వెళ్లారు. తరువాత రాయబారిగా గురజాలకు వెళ్లి ప్రాణం కోల్పోయిన అలరాజు స్వయంగా నలగామరాజు అల్లుడు. గోడకు ఆవలి పక్షం ఏదో తేల్చి చెప్పలేని యుద్ధమది. కారంపూడిలో రాలినవి ఇరుపక్షాలనూ కాచిన ఇటుకలే. స్థావరాన్ని సొంత గుండు కూల్చడమనే ‘బ్యాటిల్ సిటీ’ నియమం సారంలో దీనికి దగ్గరగా ఉంది.

అయితే ఈ సామ్యాన్ని అతిగా సాగదీయరాదు. ఆటలో శత్రువుకు ముఖం లేదు, బంధుత్వం లేదు, సంధికి తావు లేదు. రాయబారమనేది నియమావళిలోనే లేని లోకంలో విషాదం పుట్టదు. విషాదానికి, వేరే దారి ఉండి కూడా దాన్ని కాదనుకొన్న మనిషి కావాలి. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యంలోనూ, వీరవిద్యావంతుల గానంలోనూ ఆ మనిషి ఉన్నాడు.

జ్ఞాపకం విషయంలోనూ తేడా ఉంది. కారంపూడిలో వీరులను ఏటా కార్తికంలో ఆరాధిస్తారు. ‘బ్యాటిల్ సిటీ’లో ఆటగాడు స్వయంగా దశను నిర్మించుకొనే సౌకర్యం ఉన్నా, ఆ నకళ్ల కన్సోల్‌ను ఆపగానే ఆ నిర్మాణం చెరిగిపోతుంది. ముప్పై అయిదు దశలు దాటినా ముగింపు రాదు. మళ్లీ మొదటి దశే వస్తుంది. గెలిచినవారికైనా, ఓడినవారికైనా గుడి కట్టని యుద్ధమిది.

4. ముగింపు:
వీడియో గేములను ‘హింసాత్మకం’ అనే ఒక్క మాటతో పక్కనపెట్టే విమర్శ గుండ్లను లెక్కిస్తుంది, గోడలను చూడదు. కాల్చకుండా ఆగడం ఎప్పుడో తెలియనివాడు ‘బ్యాటిల్ సిటీ’లో ఎక్కువసేపు నిలవలేడు. పక్కన కూర్చొన్న తమ్ముడి ట్యాంకు ఎక్కడుందో చూసుకోనివాడూ నిలవలేడు. అదే సమయంలో, ఎదుటివాడితో మాట్లాడడం అనే మూడో మార్గాన్ని ఈ ఆట ఊహించనైనా లేదు. దాని బలాన్నీ, లోపాన్నీ ఒకే నియమావళి నుంచి చూపగలిగినప్పుడే తెలుగులో వీడియో గేమ్ విమర్శ సాహిత్య విమర్శకు దీటుగా నిలబడుతుంది. ఆ కన్సోళ్లూ, క్యాసెట్లూ, వాటికి సరిపడే పాత పిక్చర్ ట్యూబ్ టీవీలూ పాత సామాను కింద పోతున్నాయి. వాటితో ఆడిన తరం అనుభవాలను మౌఖిక చరిత్రగా సేకరించడం ఈ దిశలో పరిశోధకులు చేయవలసిన తొలి పని.