కంప్లి పుట్టి

బళ్లారి జిల్లా కంప్లి దగ్గర తుంగభద్రలో చలికాలం పొద్దున్నే చేపలవాళ్ల పుట్టి నడక చూడాలి. వెదురు బద్దల అల్లిక, అడుగున ప్లాస్టిక్ పట్టా, పైన తారు పూత. ఒకప్పుడైతే తోలే కప్పేవారు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవలను చూశాడు. పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, గిరగిర తిరగడమే తప్ప సూటిగా పోలేవనీ రాశాడు.

మన జాలరి చేతిలో మాత్రం అది సూటిగానే పోతుంది! ముందుకు వంగి, ఒక్క తెడ్డుతో నీటిని అటూ ఇటూ కోస్తూ తనవైపు లాక్కుంటాడు. పుట్టి పక్కకు తిరగబోతే మణికట్టుతోనే సర్దుతాడు. వెనక కూర్చున్న మనిషి వల మూర మూరగా వదులుతుంటే ఎక్కడా చిక్కు పడదు. చలికి చేప చురుకు తగ్గుతుంది. కాబట్టి ఓపికే అసలు పెట్టుబడి.

ఇంత పనితనం ఉన్నవాళ్లను నిపుణులనే అనాలి. హంపీ చూడబోయేవాళ్లు ఒక పూట కంప్లి రేవుకూ వెళ్లి రండి.