ఏడాది మధ్యలో వచ్చే పిల్లల టీచరు

జర్మనీలో అమెరికా సైనికుల పిల్లల కోసం 1946లో బడులు మొదలయ్యాయి. ఇప్పుడు కైజర్స్‌లౌటర్న్, రామ్‌స్టైన్ ప్రాంతాల్లో అలాంటి ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పే టీచర్ల పనితనమంటే నాకు ఎంతో గౌరవం. తల్లికో తండ్రికో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకోవలసిందే. అందుకే ఇక్కడ ఏడాది పొడవునా పిల్లలు వస్తూంటారు, పోతూంటారు. జనవరి చలిలో ఓ రెండో తరగతి పిల్ల గుమ్మంలో నిలబడేసరికి బల్ల మీద ఆమె పేరు చీటీ, కోటు తగిలించుకోవడానికి ఓ కొక్కెం సిద్ధంగా ఉంటాయి. భోజనానికీ బస్సుకీ తోడు వెళ్లే నేస్తం కూడా ముందే కుదిరి ఉంటుంది. టీచరు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చిన్న పుస్తకం చదివిస్తుంది. ఎక్కడ తడబడిందో, ఏ మాట దాటేసిందో, ఎక్కడ తనంతట తానే దిద్దుకుందో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటుంది. ఇది పరీక్ష అన్న బెరుకు పిల్లకు రానివ్వదు. పాత బడిలో లెక్కలు తీసివేతల్లో అప్పు తెచ్చుకునే దగ్గర ఆగిపోతే, అక్కడి నుంచే అందుకుంటుంది. నాన్న దూరదేశానికి విధుల మీద వెళ్లిన వారం పిల్ల పరధ్యానంగా ఉంటే మందలించదు, దగ్గరికి తీసుకుంటుంది. స్థానికురాలైన మరో టీచరు జర్మన్‌లో పలకరించడం, రొట్టెల కొట్లో కావలసింది అడగడం నేర్పుతుంది. మళ్లీ బదిలీ వచ్చాక పిల్ల రాతలు, చదువు ఎంతవరకు వచ్చిందన్న వివరాలు ఫైలులో పెట్టి ఇస్తారు, తర్వాతి టీచరు వెతుక్కోనక్కర్లేకుండా. ఎన్ని ఊళ్లు మారినా పిల్లల చదువు తెగిపోకుండా చూసే ఈ టీచర్లకు రెండు చేతులా దండం పెట్టాలి.