చేతులు మారినా చెదరని ఫోటో

యాదాద్రి భువనగిరి జిల్లా భూదాన్ పోచంపల్లిలో మగ్గం ఉన్న ఒక ఇంటావిడ వాట్సాప్‌లో చీరలు అమ్ముతారు. ప్రకటనలకు పైసా ఖర్చు పెట్టరు. కొన్నవాళ్లే కొత్తవాళ్లను తీసుకొస్తారు. అలా రావడం వెనక ఆమె చేసుకున్న ఏర్పాటును దగ్గరగా చూస్తే, అది మగ్గం మీది పనితనానికి ఏమాత్రం తీసిపోదనిపిస్తుంది.

ముందు ఫోటో సంగతి. పొద్దున పూట, ఎండ నేరుగా పడని వసారాలో చీరను దండెం మీద వేస్తారు. కొంగు, అంచు, ఒళ్లు విడివిడిగా తీశాక, చీర మూల మడిచి వెనకవైపు కనబడేలా ఇంకో ఫోటో తీస్తారు. తెలిసినవాళ్లు చూసేది దాన్నే. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు కట్లు కట్టి ముందే రంగులు అద్దుతారు, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైన్ రెండువైపులా ఒకేలా దిగుతుంది. అచ్చు వేసిన బట్టకు వెనకవైపు సాధారణంగా వెలవెలబోతూ ఉంటుంది. ‘అసలైన పోచంపల్లి’ అని పెద్ద అక్షరాలతో రాయాల్సిన పని లేదు, ఆ మడతే చెబుతుంది.

అదే ఫోటోలో, చీర పక్కన ఒక చీటీ ఉంటుంది. దానిమీద చీర కోడ్, ధర, ఆమె ఫోన్ నంబరు. ఇవన్నీ ఫోటో కింద టైపు చేయొచ్చు కదా అంటే, ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ రాత తీసేయొచ్చు. హైదరాబాద్‌లో ఒకామె అక్కకు పంపితే, అక్క డాలస్‌లో ఉన్న కోడలికి పంపుతుంది. అక్కడికి చేరేసరికి ఫోటో ఎవరిదో తెలిసే దారి ఆ చీటీ ఒక్కటే. కోడలు కోడ్ చెప్పి నేరుగా అడిగేస్తుంది, ‘ఆ నీలం చీర’ ఏదో ఇద్దరూ వెతుక్కునే పని ఉండదు.

ఆమె గ్రూపు పెట్టలేదు. గ్రూపులో ఒకరి బేరం అందరి చెవినా పడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడతారు. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు గానీ, ఆమె నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. ఈ చిక్కును ఆమె విప్పిన తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది. ప్రతి పార్సిల్‌లో చీర ఉతికే పద్ధతి రాసిన కాగితం పెడతారు. కింద ఫోన్ నంబరు, ‘పోచంపల్లి అక్క అని సేవ్ చేసుకోండి’ అన్న మాట. ఉతికే పద్ధతి కోసం కాగితం బీరువాలో దాచుకుంటారు, నంబరూ దాంతోపాటే ఉండిపోతుంది. ఎప్పుడో ఎవరో అడిగినప్పుడు ఫోన్‌లో ‘పోచంపల్లి’ అని కొడితే చాలు, ఆమె దొరుకుతారు.

వదంతులు ఆపడానికి వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ కట్టడి ఈమెను ఇబ్బంది పెట్టదు. చేతిమగ్గం మీద ఒక్కో రంగులో దిగేవే కొన్ని చీరలు. వేలమంది ఒక్కసారిగా అడిగితే ఇవ్వడానికి సరుకెక్కడిది? అమ్ముడైన చీర ఫోటోను సాయంత్రానికల్లా ‘అయిపోయింది’ అని రాసి స్టేటస్‌లో పెడతారు. లేని సరుకు కోసం ఎవరూ ఎదురుచూడకూడదు.

పండగలు, పెళ్లిళ్లు అయ్యాక కొన్నవాళ్లకు ఒక మెసేజ్ వెళుతుంది: ‘కట్టుకున్న ఫోటో ఒకటి పంపమ్మా, నేసినాయన చూస్తాడు.’ నేసినవాళ్లకు నిజంగానే చూడాలని ఉంటుంది. మగ్గం మీద సాపుగా కనిపించిన డిజైన్ కుచ్చిళ్లలో ఎలా మడత పడిందో, భుజం మీద ఎలా వాలిందో ఆ ఫోటోలోనే తెలుస్తుంది. అడిగి, ఒప్పుకుంటేనే స్టేటస్‌లో పెడతారు. వద్దంటే అంతటితో వదిలేస్తారు. కట్టుకున్నామె సొంత స్టేటస్‌లో పెట్టుకుంటే మాత్రం ‘ఎక్కడ కొన్నావే?’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అలా అడిగినవాళ్లకు నంబరు ఇచ్చినామె తన మాటను పూచీగా పెడుతోంది. చీర బాగాలేకపోతే అక్కచెల్లెళ్ల ముందు మాట పడేది ఆమే. అందుకే ఈవిడ డబ్బు తీసుకోకముందే రెండు సంగతులు చెప్పేస్తారు: ఫోన్‌లో కన్నా బయట రంగు ఒక చాయ ముదురుగా ఉంటుందా, లేతగా ఉంటుందా అన్నది ఒకటి. డిజైన్ అంచుల్లో రంగు కాస్త పాకినట్టు కనిపించడం కట్టు పనిలో సహజమని రెండోది. కొరియర్‌కు ఇచ్చాక రసీదు ఫోటో కొన్నామెకు వెళుతుంది. నంబరు ఇచ్చినామెకూ వేరేగా ఒక మెసేజ్: ‘మీరు చెప్పినమ్మకు ఇవాళ పంపించానమ్మా.’